ఏట్లో మూడో కాలు

మన తెలుగు పెద్దమనుషులకు చేతికర్రతో ఒక పేచీ ఉంది. అరవై దాటినాయన ఎండ లేకపోయినా, వాన లేకపోయినా గొడుగు పుచ్చుకుని బయలుదేరతాడు. దాన్ని ముడిచి, నేలమీద పోటుపెట్టుకుంటూ నడుస్తాడు. "ఏమండీ, కర్ర పట్టారే!" అని పలకరించి చూడండి. "నాకేం ఖర్మ! ఇది గొడుగు" అంటాడు. కర్ర పట్టడమంటే ముసలితనానికి సంతకంచేసి రశీదు ఇచ్చినట్టని ఆయన బాధ. వీధిలో ఈ నాటకం చెల్లుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఏట్లో దిగినప్పుడు మాత్రం చెల్లదు.

అసలు ఏట్లో ఎందుకు దిగాలి, గట్టున కూచోకూడదా అంటారా? నేను గోదావరి కాలవ గట్టున పుట్టినవాణ్ణి. చిన్నప్పట్నించీ గట్టున కూచునే గాలం వేశాను. బెండు మునిగేదాకా చెట్టునీడన కునుకు తీసినా అడిగేవాడు లేడు. కొండ ఏళ్ళ సంగతి వేరు. హిమాచల్ ప్రదేశ్‌లో తీర్థన్ అనే ఏరుంది. మంచు కరిగి వచ్చే నీరు. లార్జీ దగ్గర బియాస్ నదిలో కలుస్తుంది. బ్రిటిషువాళ్ళు తెచ్చి ఆ కొండల ఏళ్ళలో వదిలిన ట్రౌటు చేప అందులో ఉంది. ఇది బండరాళ్ళ చాటున, ఎగువకు మొహం పెట్టి నిలబడి, ప్రవాహం మోసుకువచ్చే పురుగుల్ని అందుకుని తింటుంది. దానికి ఈకలతోనూ, దారంతోనూ కట్టిన దొంగ ఈగను చూపించి బుట్టలో వెయ్యాలి. ఆ ఈగకు బరువుండదు కనక తాడునే కొరడాలాగ వెనక్కీ ముందుకీ ఆడించి విసరాలి. గట్టునించి విసిరితే ఈగ పోయి వెనక చెట్టుకొమ్మను పట్టుకుంటుంది. అంచేత మనిషి నీళ్ళలో దిగి నిలబడక తప్పదు.

మా వియ్యంకుడుగారు కూడా గాలం మనిషే. (ఆ సంబంధం కుదరడానికి జాతకాలకన్న గాలాలే ఎక్కువ పనిచేశాయని మా ఆవిడ అభిప్రాయం.) ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ళ క్రితం మా అల్లుడికి కులూ వైపు ఏదో పనిపడి, మమ్మల్నిద్దర్నీ వెంట తీసుకువెళ్ళాడు. మత్స్యశాఖవారి దగ్గర పర్మిట్టు చేయించాడు. దారి చూపించడానికి ఆ ఊరి కుర్రవాడొకడు వచ్చాడు. వాడు గాలాలకన్న ముందు మా చేతికి చెరొక కర్ర ఇచ్చాడు. నేను పుచ్చుకున్నాను. వియ్యంకుడుగారు పుచ్చుకోలేదు. "బావగారూ, ముప్ఫయ్యేళ్ళు కాలవల్లో దిగి లోతులు కొలిచినవాణ్ణి, నాకు నీళ్ళు కొత్తా?" అన్నారు. వియ్యంకుడితో వాదించడం ఎంత కష్టమో ఆడపిల్లను కన్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

ఆయన పడ్డది మోకాటి లోతు నీళ్ళలో. నాచుపట్టిన గుండ్రాయిమీద కాలు వేశారు, అది జారింది, రెండోకాలు అప్పటికే గాలిలో ఉంది. పది గజాలు కొట్టుకుపోయాక కుర్రవాడు చొక్కా పట్టుకుని ఆపాడు. దెబ్బ పెద్దదేమీ కాదు, మోచెయ్యి గీరుకుంది, కళ్ళజోడు పోయింది. కాని ఇంటికి రాగానే గాలాలన్నీ కట్టకట్టి అటకెక్కించారు. "ఇంక చాలు బావగారూ, వయసైపోయింది" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా చేపల ఊసే లేదు. "పొద్దస్తమానం టీవీ ముందే కూచుంటున్నారు వదినగారూ, నాలుగడుగులు వేయమన్నా వెయ్యరు" అని వియ్యపురాలుగారు మా ఆవిడతో వాపోయింది. కళ్ళజోడు వారం తిరక్కుండా కొత్తది వచ్చింది. ఏరు మాత్రం తిరిగి రాలేదు.

నాకు ఇది అన్యాయమనిపించింది. ఎందుకంటే ఆ తప్పులో వయసుకు ఎంత వాటా ఉందో, నీటికీ అంతే ఉంది. పారే నీటి లెక్క చూడండి. వడి రెట్టింపైతే అది మన కాలిమీద వేసే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. రెండడుగుల అవతల నీరు కాస్త చురుగ్గా ఉందే అనుకుంటాం. అక్కడికి చేరేసరికి ఎవరో భుజంపెట్టి నెట్టినట్టుంటుంది. ఇంకొకటి, నీరు మనని తేలుస్తుంది. మొలలోతులో నిలబడితే శరీరం బరువు దాదాపు సగమే పాదాలమీద పడుతుంది. ఈతకు అది సుఖమే గాని, రాతిమీద పట్టుకు శత్రువు. మూడోది కళ్ళకు జరిగే మోసం. నీళ్ళలోకి నిట్టనిలువుగా చూసినా నాలుగడుగుల గుంట మూడడుగులుగానే కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఈ మూడూ పాతికేళ్ళవాడికీ ఒకటే. వాడు జారినా మరుక్షణంలో రెండోకాలు సర్దుకుంటాడు, అంతే తేడా.

ఆ మరుక్షణమే మనకు పోయింది. మనిషి నిటారుగా నిలబడడానికి మూడు సాక్ష్యాలు కావాలని డాక్టర్లు చెబుతారు: కళ్ళు, లోపలి చెవి, పాదాల స్పర్శ. వయసుతో మూడూ మందగిస్తాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారవచ్చు. రక్తపోటు మాత్రలు కొన్ని, వంగి లేచేసరికి కళ్ళు తిప్పుతాయి. దూరానికీ దగ్గరకూ ఒకే అద్దం ఉన్న జోడు పెట్టుకుంటే, పాదాలకేసి చూసినప్పుడు చదువుకునే అద్దంలోంచి చూస్తాం. రాయి ఉన్నచోట ఉన్నట్టు కనిపించదు. దీనికి తోడు పారే నీటిని తదేకంగా చూస్తుంటే ఏరు నిలిచిపోయి మనమే కదులుతున్నట్టుంటుంది. అప్పుడు చూపు ఎత్తి అవతలిగట్టు చెట్టుమీద నిలపాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కల్లో, ప్రమాదవశాత్తు కలిగే మరణాలకు కారణాలలో పడిపోవడానిది రెండో స్థానం. ప్రాణం పోయేట్టు పడేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. అది పొడినేలను కూడా కలుపుకున్న లెక్క సుమండీ.

ఇక కర్ర సంగతి. వీధిలో పట్టే కర్ర నడుముదాకా ఉంటే చాలు. ఏటికర్ర చంకదాకా వచ్చేంత పొడుగుండాలి, ఎందుకంటే అందులో రెండు మూడడుగులు నీళ్ళలోకి పోతుంది. విదేశాలలో మడిచి సంచిలో పెట్టుకునే అల్యూమినియం కర్రలు అమ్ముతారు, లోపల సాగే తాడుతో ముక్కలన్నీ ఒక్కసారిగా అతుక్కుంటాయి. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. నా ఓటు మాత్రం బోలులేని గట్టి వెదురుకే. పడితే తేలుతుంది, విరిగేముందు చెప్పి విరుగుతుంది, వందరూపాయలు పోసి కొన్నామన్న దిగులుండదు. అడుగున ఇనప పొన్ను వేయిస్తే రాతిని బాగా పట్టుకుంటుంది, కాని ఠంగుమన్న చప్పుడుకు చేప పారిపోతుంది. రబ్బరు తొడుగు చప్పుడు చెయ్యదు, నాచుమీద మాత్రం కొంచెం జారుతుంది. నేను చేపను పోగొట్టుకోవడానికే సిద్ధపడి పొన్ను వేయించాను.

కర్రను ఎగువ వైపునే పోటుపెట్టాలి. అసలు విద్య అంతా ఇందులో ఉంది. మనిషి ఎగువకు కొంచెం పక్కగా తిరిగి నిలబడి కర్రమీద ఒరిగితే, నీటితోపు కర్రను నేలలోకి అదుముతుంది. దిగువన పెడితే అదే నీరు కర్రను ఎత్తేస్తుంది. కర్ర, రెండు కాళ్ళు – ఈ మూడింటిలో ఎప్పుడూ రెండు నేలమీద కదలకుండా ఉండాలి, ఒక్కటే కదలాలి. ముందు కర్ర వేసి లోతు చూడాలి, తర్వాత ఒక కాలు, తర్వాత రెండోది దాని పక్కకు. కాలుమీదుగా కాలు వెయ్యకూడదు. పాదం ఎత్తకుండా, అత్తగారింట్లో కొత్తకోడలు నడిచినట్టు మెల్లగా జరపాలి. రాయి ఎక్కడం కాదు, రెండు రాళ్ళ మధ్య అడుగున ఆనించాలి. అవతలికి పోవాలంటే నీటికి ఎదురుపోకుండా ఏటవాలుగా దిగువకు దాటాలి. వెనక్కి తిరగవలసివస్తే ఎగువవైపునించే తిరగాలి, నీటికి వీపు చూపించగూడదు. తొడలు దాటిన లోతుకు నేను పోను. అక్కడి చేపలు అక్కడివే, నాకు వాటితో తగాదా లేదు.

గాలం విసిరేటప్పుడు రెండు చేతులూ కావాలి గదా, కర్ర ఏం చెయ్యాలి? నడుం పటకాకు తాడుతో కట్టి వదిలితే దిగువకు తేలుతూ ఉంటుంది. తాడు రాళ్ళలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుందని కొందరు వద్దంటారు. వారిది నిజమే, అందుకని ఒక్క లాగుతో ఊడివచ్చే జారుముడి వేస్తాను. చెప్పుల విషయంలో ఒక్క మాట. ఉన్నిబెత్తు అట్టలున్న బూట్లు నాచుమీద భేషుగ్గా నిలుస్తాయి, కాని ఒక ఏటి నాచును తడితో మోసుకుపోయి ఇంకో ఏటికి అంటిస్తాయని న్యూజీలండువారు 2008లో వాటిని నిషేధించారు. రబ్బరు అట్టకు మేకులు కొట్టించుకోవడమే మేలు. ఇంత చేసినా పడితే, గాలాన్ని, కర్రను వదిలెయ్యాలి. వెల్లకిలా తేలి, కాళ్ళు దిగువకు పెట్టి, చేతులతో తెడ్డువేసుకుంటూ గట్టుకు జరగాలి. వడిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ళలో ఇరుక్కుంటుంది, నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది.

ఇవన్నీ వియ్యంకుడుగారికి చెప్పాలని ఉండేది, కాని ఎట్లా చెప్పడం? గాలం విద్యమీద పుస్తకం రాసిన ఐజాక్ వాల్టన్ కథ చెప్పి చూశాను. ఆ పుస్తకం 1653లో అచ్చయినప్పుడు ఆయన అరవయ్యేళ్ళవాడు. దాన్ని దిద్దుకుంటూ, పెంచుకుంటూ తొంభై దాకా బతికాడు. 1676 కూర్పుకు రెండోభాగం రాసినవాడు చార్లెస్ కాటన్. (ధవళేశ్వరం కాటన్ దొర కాదు లెండి, ఈయన అంతకు రెండువందల ఏళ్ళ ముందువాడు.) కాటన్ పేరు వినగానే వియ్యంకుడుగారి గొంతులో కాస్త హుషారు వచ్చింది. ఆనకట్టల సంగతి పావుగంట చెప్పారు. సందు చూసి అడిగాను: "బావగారూ, కాలవలో లోతు కొలిచేటప్పుడు మీ చేతిలో ఏముండేది?"

"స్టాఫు" అన్నారు.

"అంటే ముప్ఫయ్యేళ్ళూ కర్ర పట్టుకునే దిగారన్నమాట."

కాసేపు ఫోనులో చప్పుడు లేదు. నెల తిరక్కుండా వెదురు తెప్పించి, చిత్రిక పట్టించి, అడుగులూ అంగుళాలూ నల్లరంగుతో గీయించారు. దాన్ని కర్ర అంటే ఇప్పటికీ ఒప్పుకోరు. "గేజి" అనాలి.

ఆ గేజితో ఈ వేసవిలో ఇద్దరం గోదావరి పాయలో దిగాం. ఇక్కడ రాళ్ళ బెడద లేదు, ఇసకది. పాదం కింద ఇసక కరిగిపోతూ ఉంటుంది. తవ్వి తీసుకుపోయినచోట మోకాటిలోతు పక్కనే నిలువులోతు గుంట ఉండవచ్చు, పైకి నీళ్ళు ఒకేలా కనిపిస్తాయి. కార్తీకస్నానానికి దిగేవారు కూడా, గాలం సంగతి ఎరగకపోయినా సరే, ముందు కర్రతో ఒక పోటు వేసి చూడవలసిన చోటు ఇది.

కర్రకు లొంగని ప్రమాదం ఒకటుంది. 2014 జూన్ 8న, లార్జీకి దిగువన బియాస్ నదిలో హైదరాబాదునించి వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. రాళ్ళమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పిల్లలు. పైన ఆనకట్టనించి నీళ్ళు వదిలారు. ఇరవయ్యేళ్ళ కాళ్ళకే ఆగని నీటికి మన మూడోకాలు ఒక లెక్కా? ఎగువన ఆనకట్ట ఉంటే, నీళ్ళెప్పుడు వదులుతారో ఊళ్ళో కనుక్కోకుండా మేం దిగం. నీటిరంగు మారినా, పుల్లలూ ఆకులూ గుంపుగా తేలివచ్చినా, నిమిషం క్రితం పొడిగా ఉన్న రాయి తడిసినా, చేప గాలానికి ఉన్నాసరే వదిలేసి గట్టెక్కాలి. మంచు ఏళ్ళయితే ఎండకు మంచు కరిగి, మధ్యాహ్నం దాటాక నీరు దానంతటదే పెరుగుతుంది. పొద్దున తేలిగ్గా దాటిన చోటు సాయంత్రం తిరిగి దాటనివ్వకపోవచ్చు.

ఒంటరిగా కూడా దిగం. ఆయన నీళ్ళలో ఉంటే నేను గట్టున కూచుంటాను, నేను దిగితే ఆయన కూచుంటారు. అందువల్ల పట్టే చేపలు సగానికి సగం పడిపోయాయి. మొన్న ఇద్దరం కలిసి తెచ్చిన రెండు జెల్లలను చూసి, "ఈమాత్రానికి ఇద్దరెందుకు?" అని వియ్యపురాలుగారు అడిగింది. మా ఆవిడ అప్పటికే గేజి అందుకుని పెరట్లో ములక్కాడలు కోస్తోంది.