ఖాతాలోని కూలికి రక్షణ యేది?

అప్పు తీర్చుట ధర్మము. పన్ను చెల్లించుట పౌరధర్మము. ఈ రెండింటినుండి యెవరినైనను తప్పింపవలయునని మేము కోరుటలేదు. కాని వసూలుచేయువాని చేతికి ఒక హద్దుండవలయును. ఆ హద్దును మన చట్టము నూరేండ్లకు పూర్వమే గీచినది. నేడు జనులు తమ సొమ్మును కొంగుముడినుండి తీసి ఫోనులో నుంచుకొనగా ఆ గీత చెరిగిపోవుచున్నది. దానిని చెరుపుమని యే శాసనసభయు తీర్మానింపలేదు. కాపాడవలసినవారు కనిపెట్టి చూడనందుననే యది చెరిగిపోవుచున్నది.

1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 60వ సెక్షను గలదు. డిక్రీ యెంత పెద్దదైనను ఋణస్థుని యింట జప్తుచేయరాని వస్తువు లేవియో అందు చెప్పబడినవి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారమునుబట్టి స్త్రీ తన మేనినుండి తీయరాని నగలు, పనివాని పనిముట్లు, రైతు నాగలి, దున్నెడి పశువులు, విత్తనపు ధాన్యము, కూలివాని కూలి, ఇంటి నౌకరు జీతము, సర్కారు పింఛను. పరులు మనల నేలిన దినములలో, వారు చేసిన చట్టమే, ఈపాటి కనికరము చూపినది. పిమ్మట 1938లో మదరాసు రాజధానిలో కాంగ్రెసు మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును గావించి, ఆనాడు ఆ రాజధానిలోనే యుండిన మన కోస్తా, రాయలసీమ జిల్లాల రైతుకు పాత వడ్డీలనుండి కొంత యూరట కలిగించెను. ఋణస్థుడు ముందుగా మనిషి, తరువాతనే బాకీదారు అనునది ఈ శాసనముల సారము.

ఆ దినములలో జప్తునకు అమీను స్వయముగా వచ్చెడివాడు. ఇంటిలోని దుప్పటియు, దొడ్డిలోని యెడ్లును వాని కంటబడెడివి. వదలవలసినదానిని వదలకున్నచో ఇరుగుపొరుగువారు అడుగుటకుండిరి. నేడు కోర్టు ఉత్తరువు కాగితముగా బ్యాంకునకు పోవును. 1976లో కోడునకు చేసిన సవరణచే 21వ ఆర్డరులో 46-ఏ రూలు చేరినది. ఋణస్థునకు సొమ్ము ఇయ్యవలసియున్న మూడవవానికి, అనగా గార్నిషీకి, కోర్టు నోటీసిచ్చి ఆ సొమ్మును రాబట్టవచ్చును. ఖాతాదారు సొమ్ము బ్యాంకు ఆయనకు చెల్లింపవలసిన బాకీయే గనుక బ్యాంకు గార్నిషీ యగును. ముందుగా సొమ్ము నింపుకొను ఫోను సంచుల విషయమున ఆ సంచిని నడుపు కంపెనీ గార్నిషీ యగును. ఆ ఖాతాలోనిది కూలియో, లాభమో, కూతురు పంపిన మందుల ఖర్చో చూచుటకు అక్కడ అమీను లేడు. మీట నొక్కుటతో ఖాతా స్తంభించును.

2016లో వెలసిన యూపీఐ ఖజానా కాదు, దారి మాత్రమే. సొమ్ము బ్యాంకులోనే యుండును. కాని ఆ దారియే నేడు కూరగాయల బండికిని, ఆటోవానికిని, కూలిమేస్త్రీకిని రహదారి యైనది. వారికి వేరు పెట్టె లేదు. ఖాతా మూతబడిన దినమున వారి యింట పొయ్యి వెలుగదు.

చట్టములోని లోపమును స్పష్టముగా చెప్పుదుము. 60వ సెక్షనులోని వివరణ కూలి, జీతము, పింఛనులను గూర్చి 'చెల్లవలసిన సొమ్ము' అని మాటలాడుచున్నది. చెల్లి, ఖాతాలో జమయై, ఇతరమైన సొమ్ముతో కలిసినపిదప నేమగునో అది చెప్పలేదు. పింఛను, గ్రాట్యుటీల విషయమున సుప్రీముకోర్టు 2008లో, పంజాబు నేషనల్ బ్యాంకు ప్రతివాదిగానున్న వ్యాజ్యమున, అవి ఉద్యోగి చేతికి అందినను తమ స్వభావమును కోల్పోవని తీర్పు చెప్పినది. ఈ న్యాయము కూలివానికి మాత్ర మేల వర్తింపరాదు? శాసనకర్తలు ఈ మాటను కోడులో వ్రాసిననే గాని, దినకూలివాడు సుప్రీముకోర్టువరకు పోయి తెచ్చుకొనలేడు. జీతగానికి విడువబడు మొత్తముమాట యిక చెప్పనక్కరలేదు. నెలకు మొదటి 1000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండుపాళ్ళును విడువవలెనట! 1999 సవరణలో 400 రూపాయలను వేయిగా పెంచిరి. నేడు వేయిరూపాయలకు ఒక సంసారము ఎన్ని దినములు గడచునో శాసనకర్తలే లెక్కచూడవలయును.

డిక్రీ లేకయే చేయిచాచు వారును గలరు. తాను ఇచ్చిన అప్పునకు తనయొద్దనున్న ఖాతాసొమ్మును బ్యాంకు తానే జమకట్టుకొనుట కలదు. తెలంగాణములో 2018లో ప్రారంభమైన రైతుబంధు సొమ్మును పాతబాకీల క్రింద పట్టుకొనుచున్నారని రైతులు మొరపెట్టగా, అట్లు చేయరాదని ప్రభుత్వమే బ్యాంకులకు చెప్పవలసివచ్చెను. విత్తనములకని యిచ్చిన సొమ్మును పట్టుకొనుటకును, విత్తనపు ధాన్యమును పట్టుకొనుటకును భేదమేమి?

ఇక పన్ను. 2017 నాటి జీఎస్టీ చట్టములోని 79వ సెక్షను ప్రకారము, పన్నుబాకీ నిర్ణయమైనపిదప అధికారి కోర్టునకు పోనక్కరలేదు. బ్యాంకునకు తానే నోటీసు పంపును. బ్యాంకు చెల్లింపనిచో బ్యాంకే బాకీదారుగా నెంచబడును. ఇంతటి బలమైన అధికారమునకు ముందు జరుగు లెక్క యెంత జాగ్రత్తగా నుండవలయును! 2025 జూలైలో కన్నడరాష్ట్రమున నేమి జరిగినది? యూపీఐద్వారా వచ్చిన మొత్తములను చూచి వాణిజ్యపన్నుల శాఖవారు చిన్న వర్తకులకు నోటీసులు పంపిరి. హావేరిలో కూరగాయలమ్ము నొకనికి వచ్చిన నోటీసులో నాలుగేండ్ల లావాదేవీలకు 29 లక్షల రూపాయలు పన్ను చూపబడెను. తాజా కూరగాయలకు ఆ పన్నే లేదు! బెంగుళూరు అంగళ్ళలో 'యూపీఐ లేదు, నగదు మాత్రమే' అను కాగితములు వెలసెను. కడకు ప్రభుత్వము మెత్తబడి, పాతబాకీలు వసూలుచేయమనియు, ఇకముందు రిజిస్టరు కావలయుననియు చెప్పెను.

వచ్చినదెల్ల అమ్మకము కాదు. అమ్మకమెల్ల లాభము కాదు. అన్నదమ్ముల చేబదులు, చీటీపాట సొమ్ము, కొడుకు పంపిన కర్చు, అన్నియు ఆ ఖాతాలోనికే వచ్చును. నగదు విడిచి ఈ దారికి రండని పిలిచినది ప్రభుత్వమే. చిన్నవర్తకుని లాభమును అంచనావేయుటలో నగదు రాబడికి నూటికి 8 చొప్పునను, బ్యాంకు మార్గమున వచ్చినదానికి 6 చొప్పునను లెక్కింతుమని ఆదాయపు పన్ను చట్టమున ఆశచూపినదియు ప్రభుత్వమే. పిలిచి పీటవేసి, కూర్చున్నవెనుక జేబు వెదకుట మర్యాద కాదు.

ఇట్లయిన మోసగాండ్రు తప్పించుకొందురని కొందరందురు. పెద్ద వ్యాపారము చేయుచు లెక్కలు దాచువానిని పట్టుకొనుటకు మేమును సమ్మతింతుము. ఆలిచ్చిన ఋణదాతయు న్యాయమునకు అర్హుడే. కాని హద్దు గీచినంతమాత్రమున వసూలు ఆగదు. జర్మనీలో 2010 మొదలుగా ఖాతాదారు కోరినచో, నెలకింత యని జప్తునకు లొంగని సొమ్ము గల ఖాతాగా తన ఖాతాను మార్చుకొనవచ్చును. అమెరికాలో 2011 మొదలుగా, జప్తు ఉత్తరువు వచ్చినప్పుడు బ్యాంకే రెండునెలల వెనుకకు చూచి, నేరుగా జమయైన సాంఘికభద్రతా భృతులవంటి కేంద్రప్రభుత్వ చెల్లింపులను తనంతట తానే కాపాడవలయును. ఆ దేశములలో అప్పులిచ్చుట ఆగిపోలేదు. మన దేశముననే 2023లో కేరళ హైకోర్టు, నేరపరిశోధనలో పోలీసులు స్తంభింపజేసిన ఖాతాలనుగూర్చి, అనుమానమున్న మొత్తమునకే ఆ స్తంభన పరిమితము కావలయునని ఆదేశించినది. ఈ సూత్రము బాకీలకును పన్నులకును వర్తింపవలయును.

కావున మేము కోరునవి నాలుగు. కూలి, జీతము, పింఛను, ప్రభుత్వసహాయము ఖాతాలో జమయైనను రక్షణ కోల్పోవని 60వ సెక్షనులో వ్రాయవలయును. ఏ ఉత్తరువు వచ్చినను సంసారమునకు ఒకనెల గడచునంత సొమ్మును బ్యాంకు తానే విడువవలయును. పన్ను నోటీసులో అంకె వేయుటకు ముందు పన్నులేని సరకులను, ఇంటివారి సొమ్మును వేరుచేయవలయును. ఖాతాదారునకు తెలియు భాషలో, మన జిల్లాలలో తెనుగున, నోటీసు రావలయును.

చట్టము మారునంతవరకు పఠనమందిరములకు వచ్చు చదువరులకు ఒక పని గలదు. నోటీసు వచ్చినవాడు భయముచే దానిని దాచును. అదియే గొప్ప నష్టము. జీఎస్టీ ఉత్తరువు అందిన 3 నెలలలోపల అప్పీలునకు పోవచ్చును. జప్తు వచ్చినచో, కూలి జమయైన పాసుపుస్తకముతో అమలుకోర్టులో అభ్యంతరము దాఖలు చేయవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, కార్మికులకును జిల్లా న్యాయసేవాధికారసంస్థ రుసుము లేకయే న్యాయవాదిని ఇయ్యవలయునని 1987 చట్టము చెప్పుచున్నది. ఈ సంగతులు తెలియనివానికి తెలియజెప్పుడు. అర్జీ వ్రాయరానివానికి వ్రాసియిండు. తెల్లదొరల చట్టము దున్నెడి యెద్దును విడిచినది. స్వరాజ్యములో కూలివాని ఖాతాకు అంతకంటె తక్కువ గౌరవము దక్కుట మన కెల్లరకును తలవంపు.