పొగకు దిక్కులు తెలియవు

ఫ్లాటు కొనేవాళ్లు వంటగది గురించి బిల్డర్‌ను ముందుగా అడిగేవి రెండు: ఆగ్నేయంలో ఉందా? వండే మనిషి తూర్పుముఖంగా నిలబడే వీలుందా? రెండింటికీ అవునని జవాబు వస్తే వంటగది పరీక్ష నెగ్గినట్టే. పొయ్యి మీది పొగ ఏ గోడలోంచి, ఎన్ని మలుపులు తిరిగి బయటికి పోతుందన్న ప్రశ్న, చిమ్నీ బిగించే కుర్రాడు డ్రిల్లింగు మిషను పట్టుకొచ్చిన రోజున గాని పుట్టదు. అప్పటికి చేయగలిగింది పెద్దగా మిగలదు. తూర్పు గోడ అవతల పక్కవాళ్ల పడకగదో, లిఫ్టు ముందరి కారిడారో ఉంటుంది. పైపును ఫాల్స్ సీలింగు మీదుగా మూడు మలుపులు తిప్పి యుటిలిటీ బాల్కనీ దాకా ఈడ్చాలి, కాదంటే పైపే లేని చిమ్నీ తగిలించుకోవాలి. వాస్తు పాటిస్తే పోయేదేముంది అనేవారికి జవాబు ఇదే. వంటగది ఎక్కడుండాలన్నది కొలిచి, చూసి తేల్చుకోగల విషయం. వాస్తు దాన్ని ప్రశ్నించకూడని విషయంగా మార్చింది.

కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చాక ఇంకా పొగ ఎక్కడుందని కొందరి సందేహం. గ్యాసు రాక గొప్ప మేలే, అనుమానం లేదు. కానీ పొగకు మూలం ఇంధనం ఒక్కటే కాదు. నూనె కాగి మరిగినప్పుడు, ఎండుమిర్చి తాలింపులో మాడినప్పుడు కంటికి ఆనని నూనె తుంపరలు, మసి రేణువులు గాలిలో కలుస్తాయి. నీలి మంట కూడా నైట్రోజన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లో సాక్ష్యాలను పరిశీలించి, ఎక్కువ వేడి మీద వేపుళ్లు చేసేటప్పుడు వెలువడే పొగను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగల వాటి జాబితాలో చేర్చింది. సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు వస్తోందని చైనాలో, తైవాన్‌లో సాగిన పరిశోధనలు ఈ నిర్ణయానికి ముఖ్య ఆధారాల్లో కొన్ని. మా నాయనమ్మ కట్టెల పొగలోనే తొంభై ఏళ్లు బతికిందనే వాదన ఇక్కడ తప్పక వస్తుంది. బతికిన నాయనమ్మ మనకు కనిపిస్తుంది. ఆయాసంతో నలభైల్లోనే పోయిన ఆమె తోటికోడలు లెక్కలోకి రాదు. ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అధికభాగం కట్టెలు, పిడకలు, బొగ్గు పొయ్యిలదే. పొగ శరీరాన్ని ఏం చేస్తుందో చెప్పడానికి అది చాలు.

వాస్తులో సైన్సు ఉందనేవారి వాదన ఇంకొంచెం గట్టిది కాబట్టి దాన్ని ఓపిగ్గా పరిశీలించాలి. ఆగ్నేయానికి పొద్దుటెండ తగిలి క్రిములు చస్తాయనీ, గాలి నైరుతి నుంచి వీస్తుంది గనుక ఆ మూల పొగ ఇంట్లోకి రాదనీ వారంటారు. మొదట ఎండ సంగతి. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు రోజులే. జూన్‌లో హైదరాబాద్, విజయవాడల్లో తూర్పుకు ఉత్తరంగా సుమారు 25 డిగ్రీలు జరిగి, అంటే ఈశాన్యం వైపు ఉదయిస్తాడు. ఆగ్నేయం వైపు జరిగేది మిగతా సగం ఏడాదిలో. ఇక గాలి. మన ప్రాంతంలో నైరుతి, పడమటి గాలులు ప్రధానంగా వానాకాలానివి. శీతాకాలంలో ఈశాన్యం నుంచీ తూర్పు నుంచీ వీస్తాయి. విశాఖపట్నం తీరానికి సముద్రం ఆగ్నేయాన ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి దాదాపు ఆ వైపు నుంచే ఊళ్లోకి వస్తుంది, ఆగ్నేయపు వంటగదిలోని పొగను నేరుగా హాల్లోకి నెడుతుంది. నియమానికి కారణం నిజంగా గాలే అయితే ఊరు మారితే నియమం మారాలి, తీరానికి ఒకటి, మెట్టకు ఒకటి ఉండాలి. వాస్తు గ్రంథం ఆగ్నేయాన్ని ఎంచుకున్నది గాలిని కొలిచి కాదు, ఆ మూలకు అధిపతి అగ్నిదేవుడు కనుక. సైన్సు పేరు తర్వాత అతికించినది.

చిమ్నీ పనిచేసే తీరు చూస్తే దిక్కుల లెక్క ఎంత అసంగతమో తెలుస్తుంది. వేడి పొగ సహజంగా పైకి లేస్తుంది. హుడ్ దాన్ని పక్కలకు చెదరకముందే పట్టి, పైపులోంచి ఇంటి బయటికి నెట్టాలి. అందుకు హుడ్ కనీసం పొయ్యంత వెడల్పుండాలి, తయారీదారు చెప్పిన ఎత్తులో, సాధారణంగా రెండు నుంచి రెండున్నర అడుగుల పైన ఉండాలి. పైపు ఆరంగుళాలది, వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉండాలి. ప్రతి మలుపూ గాలికి అడ్డే. ఆరంగుళాల పైపును నాలుగంగుళాలకు కుదిస్తే దారి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న వంటగదిలో గాలిని గంటకు 15 సార్లు మార్చడానికి 340 ఘనపు మీటర్లు చాలు. ప్రకటనలు మాత్రం 1200, 1500 అంటూ సంఖ్యలు వల్లిస్తాయి. అవి మూడు మలుపుల పైపు తగిలించాక మీ వంటింట్లో నిలిచే సంఖ్యలు కావు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ పరిశోధకులు ఇళ్లలో వాడే రకం హుడ్‌లను ప్రయోగశాలలో కొలిస్తే, కొన్ని పొగలో 15 శాతమైనా పట్టలేదు, కొన్ని 98 శాతానికి మించి పట్టాయి. ఇక పైపు లేని రకం చేసేదేమిటంటే జిడ్డును జాలీలో ఆపి, వాసనను కొంత బొగ్గు ఫిల్టరులో పీల్చి, మిగిలిన వేడినీ తేమనూ వాయువులనూ మళ్లీ వండేవారి ముఖం మీదికే వదలడం. పొగను బయటికి పంపే విషయంలో అది కడుతున్న ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మతో సమానం.

బయటికి పోయిన గాలికి బదులు గాలి లోపలికి రావాలన్నది ఇంకా తక్కువ మందికి తోచే విషయం. తలుపులు, కిటికీలు బిగించి చిమ్నీ వేస్తే మోటారు రొద చేస్తుంది గాని పొగ కదలదు. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ: చిమ్నీ లాగుడుకు దాని పొగ వెనక్కి తిరిగి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి రావచ్చు. సిలిండరులోని వంటగ్యాసు గాలికన్నా బరువైనది, లీకైతే నేలను పట్టి పాకుతుంది. కాబట్టి కింది భాగంలోనూ గాలి ఆడే దారి ఉండాలి, లీకైనప్పుడు చిమ్నీ స్విచ్చి ముట్టకూడదు. ఇవన్నీ ఇంటి ప్లాను గీసేనాడే ఆలోచించాల్సినవి.

రెండూ పాటిస్తే పోలేదా అని మధ్యేమార్గం చూపేవారున్నారు. ఆగ్నేయపు గదికి బయటి గోడ ఉంటే గొడవే లేదు, అక్కడే వండుకోవచ్చు. కానీ అంతస్తుకు ఆరు ఫ్లాట్లున్న భవనంలో ఆరింటికీ ఆగ్నేయపు మూల బయటి గోడకు రావడం అరుదు. రెండూ కుదరని చోట ఏది ఒదులుకుంటామన్నదే అసలు ప్రశ్న, ఇప్పటిదాకా ఒదులుకుంటున్నది గాలినే. నిర్ణయం సిద్ధాంతిది, ఆమోదం ఇంటి యజమానిది, పీల్చడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల వంతు. చిమ్నీ డబ్బున్నవాళ్ల ముచ్చట అన్న అభ్యంతరంలో కొంత నిజముంది. అయితే బయటి గోడకు పొయ్యి దగ్గరగా పెట్టిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానూ, ఎదురుగా తెరిచిన కిటికీ, వేపుడు మూకుడును వెనక బర్నరు మీదికి జరపడం, ఇవి పేదింటికీ అందేవే, పైపు లేని ఖరీదైన చిమ్నీ కన్నా మేలైనవే.

ఏ ఏర్పాటు పనిచేస్తోందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్త రానక్కర్లేదు. చిమ్నీ వేసి, మంట ఆర్పి ఉన్న ముందు బర్నరు పక్కన వెలిగించిన అగరవత్తి పట్టుకుంటే పొగ హుడ్‌లోకి పోతోందో, ముఖం వైపు వస్తోందో ఒక్క నిమిషంలో కనిపిస్తుంది. తప్పని తేలితే పైపు తగ్గించవచ్చు, కిటికీ తెరవవచ్చు, పొయ్యి జరపవచ్చు. ఆగ్నేయ నియమానికి అలాంటి పరీక్ష లేదు: ఇంట్లో మంచి జరిగితే వాస్తు బలమంటారు, చెడు జరిగితే మరో మూల దోషం వెతుకుతారు. తప్పని తేలే వీలే లేని నియమం చేతికి వంటగదిని అప్పగించకూడదు. ఫ్లాటు చూడబోయినప్పుడు దిక్సూచి కన్నా ముందు బయటి గోడ ఎక్కడుందో చూడాలి, పొయ్యి నుంచి అక్కడికి ఎన్ని అడుగులో కొలవాలి.