లెక్కల శిక్షణ నోటు పుస్తకాల నుంచే మొదలుకావాలి

విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ప్రాథమిక బడుల్లో లెక్కలు చెప్పేది ఎక్కువగా సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులే; తెలుగు, పరిసరాల విజ్ఞానం కూడా వాళ్లే చెప్పాలి. ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలు నిండితే చాలదు, ఆ గంటల్లో ఏం జరుగుతుందన్నదే ముఖ్యం.

52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేస్తారు. అది అజాగ్రత్త కాదు, స్థాన విలువ అందకపోవడం. పదుల కట్ట ఒకటి విప్పి పది పుల్లలు చేతిలో పెడితే అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది. ఇలాంటి తప్పుల మూలం పట్టుకోవడం ఉపన్యాసాలతోనో, దీక్షా ఆన్‌లైన్ వేదికలోని వీడియోలతోనో అలవడదు. తోటివారితో కలిసి పనిచేస్తేనే అలవడుతుంది. జపాన్ ఉపాధ్యాయులు పాఠాన్ని కలిసి తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావారు గమనించి, మళ్లీ దిద్దుకుంటారు.

మన ఉపాధ్యాయులు అలా కలిసి కూర్చోవడానికి ద్వారకా నగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే కాబట్టి రాకపోకలు సులువు. భీమిలిలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకులతో అక్కడ నెలకో పూట, పిల్లల నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని చర్చ జరిగేలా, ఆ సమయం 50 గంటల్లో లెక్కకు వచ్చేలా ఉత్తర్వులు ఇవ్వాలని విజ్ఞప్తి.