బిల్కీస్‌కి నా సలాం

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఆ ఊరి బేటీయే బిల్కీస్ అబ్దుల్ ఖాదిర్. స్కూల్లోనే 3,070 పాయింట్లు కొట్టి, మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆడా మగా అందరి రికార్డూ దాటేసింది. తర్వాత మెంఫిస్ యూనివర్సిటీ తరఫున డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటలో పైమెట్టు మీద, హిజాబ్‌తో దిగిన మొదటి అమ్మాయి. పొడగరుల ఆటలో ఆ పొట్టి పిల్ల చూపిన కమాల్‌కి నేను ఫిదా.

కాలేజీ అయ్యాక యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడదామనుకుంది. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూలు అడ్డొచ్చింది. తలమీద గుడ్డ ఉంటే దెబ్బలు తగులుతాయట! అదే గుడ్డతో కాలేజీలో ఏళ్లపాటు ఆడిన పిల్లకి చెప్పే మాటేనా ఇది? తను హిజాబ్ తియ్యలేదు, నోరూ మూసుకోలేదు. 2017లో ఆ రూలు పోయింది. అప్పటికే తన కెరీర్ చేజారింది.

'సబర్ కా ఫల్ మీఠా' అంటారు కొందరు. నేనొప్పుకోను. ఆ ఫలం దక్కింది వెనకొచ్చిన పిల్లలకి. తన సబర్‌కి సలాం చేద్దాం, ఆలస్యమైన ఇన్సాఫ్‌కి మాత్రం శుక్రియా చెప్పొద్దు.

"ఆటా, హిజాబా? ఏదో ఒకటి తేల్చుకో" అని ఓ ఆడపిల్లని అడిగేముందు, ఇంట్లో అబ్బాజానైనా, గ్రౌండ్‌లో పీఈటీ సారైనా, బిల్కీస్‌ని ఓసారి యాద్ చేసుకోండి.