సంఘం బలంగా ఉంటేనే సంక్షేమం

ఏటా డిసెంబరు 7న కలెక్టరు జేబుకు ఎవరో చిన్న పతాకం గుచ్చుతారు, మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వస్తుంది. 1949 నుంచి జరుపుకుంటున్న సాయుధ దళాల పతాక దినోత్సవం గురించి చాలామందికి తెలిసింది అంతే. తొలి భారతీయ సైన్యాధిపతి జనరల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14ను మాజీ సైనికుల దినోత్సవంగా పాటిస్తున్నా, సంక్రాంతి సందడిలో మనకది పట్టదు. ఆ రెండు రోజులూ గడిచాక మాజీ సైనికుడి బాగోగులు ఎవరివి? ప్రభుత్వానివే అని చేతులు దులుపుకోవడం తేలిక. కానీ ప్రభుత్వం ఇచ్చేదాన్ని ఇంటిదాకా చేర్చేది మాజీ సైనికుల సంఘమే. తెలుగు రాష్ట్రాల్లో ఆ సంఘాలే నీరసించి ఉన్నాయి.

పథకాలకు కొదవ లేదు. కేంద్రంలో మాజీ సైనికుల సంక్షేమానికి 2004 నుంచి ప్రత్యేక విభాగమే ఉంది. ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రంలో రాజ్య సైనిక్ బోర్డు, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా సైనిక్ బోర్డు ఉన్నాయి. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద పాలీక్లినిక్‌లు నడుస్తున్నాయి. పెన్షన్ లేని 65 ఏళ్లు దాటిన జవాన్లకు, హవల్దార్లకు, వారి వితంతువులకు ఇచ్చే నెలసరి సాయాన్ని 2025 నవంబరు నుంచి 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచారు. ఇలాంటిదొకటి ఉందని తెలియని అర్హులు మారుమూల పల్లెల్లో ఇంకా ఉన్నారు.

అన్నీ ఆన్‌లైన్ అయ్యాక సంఘాలతో పనేముంది అనే వాళ్లున్నారు. హవల్దారుగా రిటైరై చనిపోయిన ఒకాయన భార్య పరిస్థితి ఊహించండి. డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మి. పెళ్లయిన కొత్తలో దాన్ని రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డరు యూనిట్‌లో పడిందో లేదో ఆమెకు తెలియదు. బ్యాంకుకు వెళితే పెన్షన్ ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌కు మారింది, మా చేతిలో ఏమీ లేదంటారు. స్పర్శ్‌లో పేరు సరిపోలడం లేదంటుంది. సరిచేయాల్సిన రికార్డ్స్ ఆఫీసు ఆర్టిలరీ వాళ్లకైతే నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్ వాళ్లకైతే జబల్‌పూర్‌లో ఉంటుంది. అక్కడికి హిందీలోనో ఇంగ్లిషులోనో ఉత్తరం రాయాలి, అఫిడవిట్ జతచేయాలి, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) సవరణయ్యేదాకా వెంటపడాలి. ఏ కాగితం ముందు, ఏది వెనక అని చెప్పగలిగేది యూనిట్‌లో క్లర్కుగా చేసి వచ్చిన ఏ పాత సుబేదారో. ఆయన దొరికేది సంఘంలోనే.

పశ్చిమ గోదావరి జిల్లాలో తరాలుగా సైన్యానికి జవాన్లను పంపిన మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్లో ఈ కాగితాల భాష తెలిసిన మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఊరు మొత్తానికి ఒక్కరే సైన్యానికి వెళ్లిన చోట ఆ కుటుంబానికి దిక్కెవరు? సంఘం అవసరం అక్కడే ఎక్కువ, సంఘాలు లేనిదీ అక్కడే.

భూముల సంగతీ ఇంతే. మాజీ సైనికులకు అసైన్ చేసిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లోనే ఉత్తర్వులున్నాయి. అయినా సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితాలోకి ఎక్కితే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఒంటరిగా తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కే వృద్ధుడికి ‘రేపు రండి’ అనే మాట ఎదురవుతుంది. అలాంటి కేసులన్నీ జాబితా కట్టి కలెక్టరు ముందు పెడితే అది పదిమంది సమస్య అవుతుంది, ఫైలు కదులుతుంది.

కలిసి నిలబడితే ఏమవుతుందో ‘ఒకే ర్యాంకు–ఒకే పెన్షన్’ పోరాటం చూపింది. 2015 జూన్‌లో ఢిల్లీలోని జంతర్‌మంతర్ దగ్గర నిరసనకు కూర్చున్న మాజీ సైనికులు ఆ నవంబరు 7న ఉత్తర్వులు వెలువడేలా చేశారు. బకాయిల మీద సుప్రీంకోర్టులో పట్టు వదలనిదీ వాళ్ల సంస్థే. ముందుగా ఫ్యామిలీ పెన్షనర్లకు, ఆ తర్వాత 70 ఏళ్లు దాటిన వారికి చెల్లించాలని 2023లో కోర్టు గడువులు పెట్టింది. ఆ డబ్బు అందుకున్న వితంతువుల్లో జంతర్‌మంతర్ ముఖం చూసిన వారు ఎందరుంటారు?

మరి మన దగ్గర లోపం ఎక్కడుంది? పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసి నలభై దాటకుండానే ఇంటికొచ్చే జవాను ముందు రెండో ఉద్యోగం చూసుకుంటాడు. సంఘం గుర్తుకొచ్చేది క్యాంటీన్ కార్డు ఆగినప్పుడో, పిల్లల సీటుకు సర్టిఫికెట్ కావాల్సినప్పుడో. పని కాగానే మళ్లీ కనపడడు. సంఘాల తప్పూ తక్కువేమీ కాదు. ఒకే పట్టణంలో రెండు మూడు సంఘాలు, ఆఫీసర్లకొకటి జవాన్లకొకటి, ఏళ్ల తరబడి అదే అధ్యక్షుడు, ఎవరికీ చూపని లెక్కలు. చేరే ముందు మూడు విషయాలు అడగండి: సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, ఏటా ఆడిట్ అవుతోందా, సర్వసభ్య సమావేశం జరుగుతోందా. జవాబు లేకపోతే మరో సంఘం చూసుకోండి, లేదా లోపలికి వెళ్లి సరిచేయండి.

సంఘం ఏం చేయగలదో అమెరికాలో చూడండి. 1919లో పుట్టిన అక్కడి మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు సాయమందించిన 1944 నాటి జీఐ బిల్లు రూపకల్పనలో కీలక పాత్ర పోషించింది. అక్కడి సంఘాల్లో శిక్షణ పొంది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సేవాధికారులు దరఖాస్తులను ఉచితంగా నింపిపెడతారు. మన సంఘాలు సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత మళ్లిస్తే, మండలానికి ఒకరికి అలాంటి శిక్షణ ఇప్పించడం కష్టమేమీ కాదు.

అసలు పరీక్ష ముందుంది. నాలుగేళ్ల స్వల్పకాలిక నియామక పథకం అగ్నిపథ్ కింద 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి అగ్నివీరులకు నాలుగేళ్లు నిండే సమయమిది. నూటికి 25 మందికి మించి కొనసాగనివ్వరు. బయటికొచ్చే వారికి సేవానిధి కింద దాదాపు 11.71 లక్షల రూపాయలు అందుతాయి. పెన్షన్ ఉండదు, ఈసీహెచ్‌ఎస్ ఉండదు, మాజీ సైనికుడనే హోదా కూడా ఉండదు. నిబంధనల ప్రకారం వాళ్లు సైనిక్ బోర్డు చూసుకోవాల్సిన జాబితాలో లేరు. ఇరవై అయిదేళ్లకే యూనిఫాం విప్పిన కుర్రాడికి ఉద్యోగం దగ్గర, చదువు దగ్గర, ఆ సొమ్మును కాజేయాలని చూసే వాళ్ల దగ్గర తోడు కావాలి. ప్రభుత్వం ఇవ్వని హోదాను సంఘం సభ్యత్వంగా ఇవ్వగలదు. నియమావళి సవరించుకుని అగ్నివీరులను చేర్చుకోవడానికి ఒక్క తీర్మానం చాలు.

ఇది మాజీ సైనికులకే వదిలేసే పని కూడా కాదు. న్యాయవాది నెలకోసారి సంఘం ఆఫీసులో కూర్చోవచ్చు. ఆడిటరు లెక్కలు చూసిపెట్టవచ్చు. కాలేజీ పిల్లలు వృద్ధులకు లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో నమోదు చేసిపెట్టవచ్చు. సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంది, కంపెనీలు సీఎస్ఆర్ నిధులూ ఇవ్వవచ్చు. రిటైరై వచ్చిన ప్రతి సైనికుడూ మొదటి నెల పెన్షన్‌లోంచే సంఘం చందా కట్టాలి. ఆ రోజు అతనికి దానితో పని ఉండకపోవచ్చు. పక్క ఊళ్లో ఒక లక్ష్మమ్మకు మాత్రం ఉంటుంది.