నాదానికి ఇటుకలు

వాద్యాన్ని తయారుచేసి సంగీతకారుని చేతికి ఇవ్వడం ఒక పద్ధతి. వాద్యానికి కావలసిన ముక్కలను ఇచ్చి, కూర్పును అతనికే వదలిపెట్టడం మరొక పద్ధతి. కంప్యూటరు సంగీతం ఈ రెండవ దారిని చాలా త్వరగానే పట్టింది. ఆ దారి వేసినవాడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీరు మాక్స్ మాథ్యూస్.

1957లో ఆయన రాసిన మొదటి ప్రోగ్రాము ఐ.బి.ఎం. 704 యంత్రం చేత 17 సెకండ్ల సంగీతం పలికించింది. ఒకే గొంతు, ఒకే తరంగ రూపం. స్వరం లేవడంలోగాని, అణగడంలోగాని ఎట్టి హొయలూ లేవు. వేరొక ధ్వని కావాలంటే ప్రోగ్రామునే మార్చాలి. సంగీతకారులు ఒక్కొక్కరు ఒక్కొక్క ధ్వని అడుగుతారు. అందరికీ ప్రోగ్రాములు రాస్తూ కూర్చోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. 1960 నాటి 'మ్యూజిక్ 3'లో ఆయన ఈ చిక్కు విప్పాడు. వాద్యాలకు బదులు ఘటకాలను ఇచ్చాడు. వాటి పేరు 'యూనిట్ జనరేటర్లు'.

ఆ ఘటకాలు విడివిడిగా చూస్తే ఏమంత గొప్పవి కావు. కోరిన వేగంతో ఊగే తరంగాన్ని పుట్టించే ఆసిలేటరు ఒకటి. రెండు సంకేతాలను కూడేది ఒకటి, గుణించేది ఒకటి. స్వరం ఎంత త్వరగా లేచి ఎంత నిదానంగా అణగాలో నిర్ణయించేది ఇంకొకటి. యాదృచ్ఛిక సంఖ్యలతో హోరు పుట్టించేది వేరొకటి. గొప్పతనమంతా వాటి మధ్య కుదిరిన ఒప్పందంలో ఉన్నది. కంప్యూటరులో ధ్వని అంటే తరంగపు ఎత్తును సెకండుకు కొన్ని వేలసార్లు తెలిపే సంఖ్యల ప్రవాహం. ప్రతి ఘటకమూ పుచ్చుకొనేది ఆ ప్రవాహమే, ఇచ్చేదీ ఆ ప్రవాహమే. అది చెవికి వినిపించవలసిన ధ్వనియా, మరొక ఘటకాన్ని నడిపించవలసిన ఆజ్ఞయా అనే భేదం లేదు. కనుక దేని తోకనైనా దేని నోటికైనా తగిలించవచ్చు.

ఇదే ఊహ కొద్ది కాలానికే తీగలు, ట్రాన్సిస్టర్ల రూపంలోనూ వచ్చింది. 1964లో రాబర్ట్ మూగ్ తయారుచేసిన పెట్టెలలో సంఖ్యలకు బదులు వోల్టేజి ఈ పని చేసేది. అటువంటి యంత్రం ఒకటి 1969లోనే మన దేశానికి వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దానిని నెలకొల్పాడు.

ఆ ఒప్పందం ఎంత ఉదారమైనదో 1967లో తెలిసివచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఒక ఆసిలేటరు స్థాయిని మరొక ఆసిలేటరుతో ఊపుతున్నాడు. సెకండుకు అయిదారుసార్లు ఊపితే గాయకుని కంఠంలోని కంపితం వంటిది వస్తుంది. ఆ ఊపును, దాని వేగాన్ని ఆయన పెంచుతూ పోయాడు. హద్దు దాటేసరికి ఊగిసలాట వినిపించడం మానింది. దాని స్థానంలో కొత్త నాదమే ప్రత్యక్షమైంది. లెక్క మార్చి చూస్తే ఒకసారి గంట వలె, ఒకసారి ఇత్తడి బూర వలె మోగింది. రెండే ఘటకాలు, ఒకే లంకె. ఇందుకోసం ప్రత్యేకంగా ఎవరూ ఏ ఘటకమూ తయారుచేయలేదు.

1983లో యమహా సంస్థ ఈ సూత్రం మీదనే డి.ఎక్స్. 7 వాద్యాన్ని విడుదల చేసింది. అందులో ఆరు ఆసిలేటర్లు, వాటిని కలపడానికి 32 పద్ధతులు. ముప్పై మూడవ పద్ధతి కావాలన్నవారికి దారి లేదు. వాద్యం విరివిగా అమ్ముడుపోయింది, అది వేరు సంగతి. విడి ముక్కల నుండి పుట్టిన ఆలోచన తిరిగి మూసిన పెట్టెలో చేరడం నాకు మాత్రం కొంచెం వింతగానే తోస్తుంది.

ముక్కలు చేయడం సరే, ముక్కను ఎక్కడ కోయాలి? చిక్కంతా ఇక్కడ ఉన్నది. మీటిన తంతినే తీసుకొందాం. 1983లోనే కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ దానికి ఆశ్చర్యం కలిగించేంత సులువైన మార్గం చూపారు. 100 సంఖ్యలు పట్టే వరుసను హోరుతో నింపాలి. వరుస చివరకు వచ్చిన సంఖ్యకు, దాని పక్క సంఖ్యకు సగటు తీసి, ఆ ఫలితాన్ని వరుస మొదట చేర్చాలి. ఇలా తిరుగుతూ ఉంటే పదునైన అంశాలు ముందు హరించి, మెత్తనివి మిగిలి, తంతిని మీటి వదలినట్లే నాదం అణగుతుంది. సెకండుకు 44,100 సంఖ్యలు నడిచే యంత్రంలో ఈ తంతి 441 కంపనాలు పలకాలి. పలకదు. సగటు తీయడంలోనే అర సంఖ్య కాలం గడుస్తుంది గనుక భాగించవలసినది 100.5తో, వచ్చేది 438.8. సరైన 441తో కలిపి మోగిస్తే సెకండుకు సుమారు రెండుసార్లు నాదం ఊగుతుంది. తంబురా శ్రుతి చేసేవారి చెవి దీనిని ఇట్టే పట్టుకొంటుంది.

ఇది సర్దుకోగల లోపం. దీనికన్న పెద్దది ఒకటి ఉన్నది. మిల్లర్ పకెట్ 1996లో వెలువరించిన 'ప్యూర్ డేటా'లో ఘటకాలను తెరపై పెట్టెలుగా పరచి గీతలతో కలపవచ్చు. పని వేగంగా సాగడానికి అది సంఖ్యలను 64 చొప్పున మూటకట్టి ఒకదాని నుండి మరొకదానికి అందిస్తుంది. ధ్వని ముందుకే సాగినంతవరకు ఇది చక్కని ఏర్పాటు. తంతిలో వలె వెనుకకు తిరిగి రావలసినప్పుడు మాత్రం ఒక మూట కన్న తక్కువ ఆలస్యం సాధ్యపడదు. ఆ తంతి 689 కంపనాలు మించి పలకలేదు. 88 మెట్ల పియానోలో పై 32 మెట్లు మూగబోయినట్లే.

2017లో ఆండ్రూ బెల్ట్ విడుదల చేసిన 'వి.సి.వి. ర్యాక్' మూటలు కట్టదు. సంఖ్య సంఖ్యకూ ప్రతి ఘటకాన్నీ పిలుస్తుంది. తీగ ఒక్కింటికి ఒక సంఖ్య ఆలస్యమే, కాని కంప్యూటరుకు భారం ఎక్కువ. 'సూపర్ కొలైడర్'లో తంతి మొత్తాన్నీ 'ప్లక్' అనే ఒకే ఘటకంగా చేసి ఇచ్చారు. వేగం దక్కింది, అయితే ఆ వలయం మధ్యలో మన సొంత ఫిల్టరును చొప్పించే వీలు పోయింది. డి.ఎక్స్. 7 కథే చిన్న ఎత్తున మళ్లీ జరిగిందన్నమాట.

నాకు నచ్చినది ప్యూర్ డేటాలోనే ఉన్న మూడవ ఉపాయం. వలయాన్ని మాత్రం ఒక ఉపపటంలోకి మార్చి, అక్కడి మూటను 64 నుండి 1కి తగ్గించవచ్చు. మిగిలిన వాద్యమంతా యథాప్రకారం 64తోనే నడుస్తుంది. ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. ప్రయత్నించదలచినవారు ముందు మూట తగ్గించకుండా ఒక్కొక్క మెట్టే పైకి వెళ్లి, తంతి ఎక్కడ మొండికేస్తుందో చెవితో విని, ఆ తరువాత తగ్గించి చూడాలి.