చెరువు గట్టూ, వెలుగు అలలూ



నేను బడిలో ఉండగా ఒక కుర్రవాడు తన బుగ్గలోపలి కణాన్ని సూక్ష్మదర్శినిలో చూచి, "మాస్టారూ, రంగు వేస్తే కణం చచ్చిపోతుంది గదా! బతికుండగా చూడలేమా?" అని అడిగాడు. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈనాడు చెబుతాను.

చెరువులో దగ్గరదగ్గరగా రెండు రాళ్ళు పడ్డాయి. మీరు రాళ్ళను చూడలేదు, ఒడ్డుకు వచ్చిన అలలనే చూశారు. ఒక్క మెట్టు దగ్గర నిలబడితే రాళ్ళు రెండని తెలియదు. గట్టు పొడుగునా చూస్తేనే తెలుస్తుంది.

వెలుతురు కూడా అలలే. మామూలు ఫోటో అల బలాన్ని చెబుతుంది గాని, అది శిఖరమై వచ్చిందో పల్లమై వచ్చిందో చెప్పదు. 1947లో ఇంగ్లండులో డెన్నిస్ గేబర్‌కు ఒక ఉపాయం తోచింది. వస్తువు నుంచి వచ్చే అలలతో మరికొన్ని నేరుగా వచ్చే అలలను కలిపితే చారలు ఏర్పడతాయి. ఆ చారల్లో రెండు సంగతులూ దాగి ఉంటాయి. అదే హోలోగ్రాం. దీనికే ఆయనకు 1971లో నోబెల్ బహుమానం వచ్చింది. ఇప్పుడు చారలను డిజిటల్ కెమెరా పడుతుంది. కంప్యూటరు లెక్కగట్టి బొమ్మ తీస్తుంది.

ఆ బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది? పెన్సిలు తీసుకోండి. అల పొడవును దూరంతో గుణించి, కెమెరా పలక వెడల్పుతో భాగించండి. ఎర్ర లేసరు అల 0.633 మైక్రాను, దూరం 200 మిల్లీమీటర్లు, పలక 10 మిల్లీమీటర్లు. సుమారు 13 మైక్రానులు వచ్చిందా? అంతకంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయన్నమాట. బుగ్గ కణంలోని కేంద్రకం 10 మైక్రానులలోపే. మరి అది ఎలా తేలుతుంది?

వస్తువును దగ్గరకు జరపవచ్చు. కాని మరీ జరిపితే చారలు సన్నబడి కెమెరా గడులకు అందవు. అందుకని కెమెరాను పక్కకు జరిపి మరో బొమ్మ తీసి, రెండూ కలుపుతారు. పలక 20 మిల్లీమీటర్లయినట్టే. 13 కాస్తా 6 అవుతుంది! లేదా వెలుతురును ఏటవాలుగా పంపుతారు. అప్పుడు తప్పిపోయే అలలు కూడా పలక మీద పడతాయి. గట్టు వెంట నడవడమంటే ఇదే.

కణం గాజులా తేటగా ఉన్నా, దాని గుండా వచ్చిన అల కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటును హోలోగ్రాం కొలుస్తుంది. కనుక రంగు అక్కరలేదు, కణం బతికే ఉంటుంది.

ఆ కుర్రవాడిప్పుడు ఎక్కడున్నాడో గాని, ఇదే అతనికి నా జవాబు. మీకూ సందేహాలుంటే, మీ మాస్టారికి తెలియదేమోనని ఊరుకోకండి. అడగండి!